కాళ్ల వాపుని లుంగీ కింద దాచుకోబాకండి

ఈ వారం మిరపలో నల్ల తామర పురుగు గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం. ఇది ముందు చదవండి, ఓపిగ్గా చివరిదాకా.

చదివే ముందు ఒక పని చెయ్యండి. పొలం కాడ గట్టు మీదున్నా, ఇంట్లో మంచం మీదున్నా సరే. చీలమండ పైన, ముందు ఎముక మీద బొటనవేలితో గట్టిగా అదిమి పది దాకా లెక్కపెట్టి తీయండి. చర్మం వెంటనే పైకొచ్చిందా, గుంట పడి అట్టాగే ఉందా? గుంట పడితే ఈ పోస్టు మీకోసమే. పడకపోతే మీ ఇంట్లో ఇంకొకరి కాలు కూడా నొక్కి చూడండి. అమ్మదో, మామదో, మీ ఇంటావిడదో.

వాపుని చూసి బలుపు అనుకున్నట్టు అని మన పెద్దోళ్లు ఊరికే అనలేదు. మా అన్న విషయంలో అచ్చం అదే జరిగింది. మా పెదనాన్న కొడుకు, నా కంటే ఆరేళ్లు పెద్ద. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి చూసి "ఏంది అన్నా, కాస్త ఒళ్లు చేశావు" అని నేనే ఎగతాళి చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పటికే చెప్పుల పట్టీ కాలి మీద అచ్చు పడుతోందంట. మొలతాడు రెండు సార్లు వదులు చేసుకున్నాడంట. ఎవరికీ చెప్పలేదు. మగోళ్లం కదా, లుంగీ కిందకి వదిలేస్తే ఎవరికీ కనపడదు.

ఇప్పుడు ఆయన రెండు కిడ్నీలూ పని చేయడం లేదు. వారానికి రెండు సార్లు డయాలసిస్. ఎనిమిది ఎకరాలు చేసిన మనిషి, మూడేళ్లుగా కౌలుకిచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఎందుకు పోయినయ్యో డాక్టరు గారు అడిగి అడిగి రాబట్టారు. బీపీ ఉంది, మాత్ర ఒక నెల వేసుకుంటే రెండు నెలలు మానేసేవాడు. అది సగం. మిగతా సగం మోకాళ్ల నొప్పులకి వేసుకున్న మాత్రలు. కోతల టైములో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. స్ప్రే కొట్టిన రోజు ఇంకోటి. మూడేళ్లు.

ఆ మాత్రలు తెచ్చింది నేనే. టౌనుకి మందుల కోసం పోయేవాణ్ణి, అంటే పురుగు మందుల కోసం. ఆ కొట్టు పక్కనే మెడికల్ షాపు. "తమ్ముడూ, ఆ పచ్చ మాత్రలు నాలుగు స్ట్రిప్పులు పట్రా" అని ఫోన్ చేసేవాడు. ఏనాడూ చీటీ అడగలేదు షాపు వాడు. ఏనాడూ ఎందుకన్నా ఇన్ని అని అడగలేదు నేను. చేనుకి ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు కొట్టాలో పది మందిని అడిగే నేను, మనిషి మింగే దాని గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. నాలాంటి తమ్ముళ్లు ఊరికి పది మంది ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

ఆ పచ్చ మాత్రా, ఎర్ర మాత్రా, నొప్పుల సూదీ, ఇవన్నీ ఒక జాతి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, ఐబుప్రోఫెన్. స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. ఇవి నొప్పి తగ్గిస్తాయి, నిజమే. కానీ కిడ్నీకి రక్తం పోయే దారిని సన్నం చేస్తాయి, ఉప్పునీ నీళ్లనీ ఒంట్లోనే ఆపేస్తాయి. అందుకే కాళ్లు వాస్తాయి, అందుకే బీపీ పెరుగుతుంది. డాక్టరు చెప్పి నాలుగు రోజులు వాడితే చాలామందికి ఏమీ కాదు. నెలల తరబడి వాడితే, అదీ రెంటచింతల ఎండలో చెమట కారిపోయి ఒంట్లో నీళ్లు లేనప్పుడు వేసుకుంటే, కిడ్నీ మీద దెబ్బ మీద దెబ్బ. దానికి తోడు కొన్ని రకాల బీపీ మాత్రలూ, నీరు పోయే మాత్రా కలిస్తే ఇంకా ప్రమాదం. మా అన్న ఆఖరి ఏడాది ఈ మూడూ కలిపే వేసుకున్నాడు.

మీకు రాబందుల సంగతి గుర్తుందా? మా చిన్నప్పుడు గొడ్డు చస్తే ఊరి బయట పడేసేవాళ్లం, గంటలో రాబందులు దిగేవి. ఇప్పుడు మా పిల్లలకి బొమ్మలో చూపించాలి. ఎట్టా పోయినయ్యో తెలుసా? పశువులకి నొప్పులకి వేసిన డైక్లోఫెనాక్ ఆ కళేబరంలో మిగిలి, తిన్న రాబందుల కిడ్నీలు పాడై చచ్చినయ్యి. మన దేశంలో మూడు జాతుల రాబందులు 90 శాతానికి పైగా పోయినాయి. సంగతి 2004లో బయటపడింది, 2006లో కేంద్రం పశువులకి ఆ మందు వాడకూడదని నిషేధించింది. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, ఒక మాత్రకి పోదు. పక్షికి చేటని గొడ్లకి ఆపేసిన మందుని మనం మాత్రం బఠాణీల్లా నమిలేస్తున్నాం.

కూలీల సంగతి కూడా చెప్పాలి. మిరప కోతలకి కర్నూలు వైపు నించి పిల్లా పాపలతో వస్తారు. మనలో కొందరం పొద్దున టీతో పాటు మాత్రలు కూడా పంచుతాం, పని ఆగకూడదని. మంచి మనసుతోనే ఇస్తున్నాం అనుకుంటాం. నేనూ ఇచ్చాను. ఇక ఇవ్వను. నీడ, నీళ్లు, మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చే టైము ఇస్తాను. కోత ఒక రోజు ఆలస్యం అవుతుంది, అవనీ.

సరే, అసలు కాలు ఎందుకు వాస్తుందో మన భాషలో చెప్పుకుందాం. డాక్టరు గారు నాకు చెప్పినప్పుడు సగం అర్థం కాలేదు, మోటారు లెక్కలో ఆలోచిస్తే అర్థమైంది. గుండె మోటారు. అది రక్తాన్ని కిందకి తోస్తుంది. కింద నించి పైకి రావాలంటే ఎత్తు ఎక్కాలి. అందుకు కాలి నరాల్లో వరసగా తలుపులుంటాయి, అచ్చం మన ఫుట్ వాల్వు లాగా. పైకి పోయిన నీరు వెనక్కి జారకుండా. పిక్క కండ రెండో మోటారు. నడిచినప్పుడల్లా పిండి పైకి తోస్తుంది. ఫుట్ వాల్వు లీకైతే ఏమవుతుంది? పైపులో నీరు నిలవదు, కిందకి దిగిపోతుంది. కాల్లో అయితే ఆ రక్తం కిందే నిలబడి, నీరు ఊరి, చర్మం కిందకి చేరుతుంది. నీలంగా మెలికలు తిరిగిన నరాలు పిక్కల మీద చూస్తుంటాం కదా, అవే. పొద్దస్తమానం నిలబడే వాళ్లకి, ట్రాక్టరు మీద కదలకుండా కూర్చునే వాళ్లకి, ఎక్కువ కాన్పులైన ఆడోళ్లకి ఇది ఎక్కువ.

ఈ రకం వాపుకి ఒక గుర్తు ఉంటుంది. సందకాడకి ఎక్కువ, రాత్రి పడుకుని లేస్తే తక్కువ. కోటప్పకొండ తిరనాళ్లకి ప్రభతో రాత్రంతా నిలబడి వచ్చిన మర్నాడు కాళ్లు ఉబ్బితే కంగారు పడాల్సిన పని లేదు. మే నెలలో ఎండకి కాస్త వాచినా అంతే, చల్లబడితే పోతుంది.

పొద్దున్నే లేవగానే ముఖం, కళ్ల కింద ఉబ్బి ఉంటే అది కిడ్నీ వైపు చూడాల్సిన సంగతి. ఒంటేలు పోస్తే నురగ చాలాసేపు నిలబడుతుంటే కూడా. పడుకుంటే ఆయాసం, రెండు దిండ్లు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టకపోవడం, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, ఇవి గుండె సంగతి. కాళ్లతో పాటు పొట్ట కూడా నీరు పట్టి ముందుకొస్తే, కళ్లు పచ్చబడితే, మందు తాగే అలవాటుంటే లివరు చూపించుకోవాలి. రక్తం బాగా తక్కువున్నా, థైరాయిడ్ ఉన్నా కాళ్లు వాస్తాయి. అంటే వాపు ఒకటే, కారణాలు పది. ఆకు ముడత పడితే పై ముడతా కింద ముడతా అని తిప్పి చూసి, తామర పురుగా నల్లా తేల్చుకున్నాకే మందు కొడతాం. కాలికి మాత్రం ఏం చూడకుండా "నీరు పోయే మాత్ర" అడుగుతున్నాం.

ఆ నీరు పోయే మాత్ర గురించి కూడా చెప్తా. గుండె, కిడ్నీ రోగులకి డాక్టరు లెక్క కట్టి ఇస్తే అది ప్రాణం కాపాడే మందు. మనంతట మనం వేసుకుంటే ఒంటేలుతో పాటు ఒంట్లో పొటాష్ కూడా పోతుంది. పొటాష్ తగ్గితే చేను ఎట్టా ఉంటుందో మీకు నేను చెప్పాలా? మనిషికీ అంతే. కండరాలు పట్టేస్తాయి, నీరసం, మరీ తగ్గితే గుండె కొట్టుకోవడం తేడా వస్తుంది. మాత్ర వేసుకోగానే వాపు తగ్గుతుంది కాబట్టి జబ్బు తగ్గిందనుకుంటాం. మా అన్న ఏడాది పాటు అట్టానే అనుకున్నాడు.

ఇంకో మాట, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ అనే మాత్ర వల్ల కూడా కొందరికి కాళ్లు వాస్తాయి. మన ఊళ్లలో చాలామంది వేసుకునేది అదే. వాపొచ్చిందని మానేయబాకండి. మానేస్తే బీపీ పెరిగి పక్షవాతం వస్తే అప్పుడేం చేస్తాం? "అయ్యా, ఈ మాత్ర మొదలెట్టాక కాళ్లు వాస్తున్నాయి" అని డాక్టరుకి చెప్పండి, వేరేది మారుస్తారు. అంత చిన్న మాటకి సిగ్గుపడి మా పక్కింటి మామ ఆరు నెలలు బీపీ మాత్ర మానేసి కూర్చున్నాడు. ఆయన అదృష్టం బాగుంది, ఏమీ కాలేదు.

రెండు కాళ్లూ వాస్తే ఒక లెక్క, ఒక్క కాలే వాస్తే ఇంకో లెక్క. ఉన్నట్టుండి ఒకటే కాలు వాచి, పిక్క బిగుసుకుని నొప్పి పెడుతుంటే, లోపల నరంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. కాలు విరిగి మంచాన పడ్డోళ్లకి, ఆపరేషనైన వాళ్లకి, బాలింతలకి, దూరప్రయాణం కదలకుండా చేసిన వాళ్లకి ఇది వస్తుంది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి నిమిషాల్లో పోవచ్చు. ఇట్టాంటి కాలికి నూనె పెట్టి మర్దన చేయించబాకండి. ఆయాసమూ, గుండెలో నొప్పీ తోడైతే 108కి ఫోన్ చేయాల్సిందే.

ఒక్క కాలు ఎర్రగా, వేడిగా, జ్వరంతో వాచి, గజ్జల్లో బిళ్ల కట్టిందంటే అది చీము పట్టే వాపు. మనకి ఎక్కువగా వచ్చేది ఇదే. పత్తి కట్టె గుచ్చుకోవడం, మడమలు పగలడం, నీళ్లు పెట్టి పెట్టి వేళ్ల మధ్య ఒరిసిపోవడం, ఆ పగుళ్లతోనే యూరియా చల్లడం. షుగర్ ఉన్నోళ్లకి నొప్పి కూడా తెలియదు. మా ఊళ్లో ఒకాయనకి ముల్లు విరిగి వారం రోజులు తెలియలేదు, చివరికి రెండు వేళ్లు తీసేశారు. షుగర్ ఉంటే రాత్రి పడుకునే ముందు పాదం అడుగు చూసుకోండి. ఒంగలేకపోతే అద్దం కింద పెట్టుకుని చూడండి, మనవణ్ణి చూడమనండి.

పాము సంగతి. రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయి కాలు మంటగా ఉండి వాస్తుంటే, ఏదో పురుగు కుట్టిందిలే అని ఇంటికొచ్చి పడుకోబాకండి. రక్తపింజర కాటుకి వాపు పైపైకి పాకుతుంది, అది కూడా కిడ్నీలని దెబ్బతీస్తుంది. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, వేరు నూరి పట్టించడం ఏదీ వద్దు. బిగించి కడితే కాలే పోతుంది. కాలు కదలకుండా పెట్టి, మెట్టెలు, పట్టీలు తీసేసి, నేరుగా ప్రభుత్వాసుపత్రికి. విషానికి విరుగుడు ఇంజక్షన్ అక్కడ ఉచితం.

బోదకాలు గురించి ఎక్కువ రాయను, మన వైపు కంటే కోస్తా డెల్టాలో ఎక్కువ. కానీ మురుగు దోమ ఎక్కడైనా దోమే. ఆ పురుగు రక్తంలో రాత్రిపూట తిరుగుతుంది, అందుకే పరీక్షకి రాత్రి రక్తం తీస్తారు. 2004 నించి ఏడాదికోసారి ఊళ్లకొచ్చి మాత్రలు మింగించే కార్యక్రమం జరుగుతోంది. మన ఊరికి వచ్చినప్పుడు జేబులో వేసుకోబాకండి, మింగండి. ఇప్పటికే కాలు లావైన వాళ్లు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకుంటే మాటిమాటికీ వచ్చే జ్వరం, చలి చాలా తగ్గుతాయి. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.

ఆడోళ్ల గురించి ఒక మాట. కడుపుతో ఉన్నప్పుడు కాళ్లకి నీరు పట్టడం మామూలే అంటారు మన పెద్దమ్మలు. కొంత నిజం. కానీ ముఖం, చేతులు కూడా ఉబ్బి, తలనొప్పి, కళ్లు మసకలు వచ్చినయ్యంటే అది బీపీ. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదకి వస్తుంది. "ఉప్పు మానేయ్, బార్లీ నీళ్లు తాగు" అని ఇంట్లో కూర్చోబెట్టబాకండి.

ఇంట్లో మనం చేసుకోగలిగేది కూడా చాలా ఉంది. మొదటిది ఉప్పు. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఒక చిన్న చెంచా. పల్నాడు వాళ్లం, మన సంగతి మనకి తెలియదా? పండుమిరపకాయ పచ్చడి, గోంగూర, ఆవకాయ, మజ్జిగలోకి ఊరమిరపకాయ, పక్కన అప్పడం. పొద్దున అన్నంలోనే ఆ చెంచా అయిపోయి ఉంటుంది. పచ్చడి మానేయమంటే నన్ను ఊళ్లోకి రానివ్వరు. నేను చేసింది ఏందంటే, వాపు, బీపీ ఉన్న మనిషికి పచ్చడి పూటకి ఒక వేలు మీద నాకేంత, పెరుగులో ఉప్పు సున్నా, ఊరమిరపకాయ పూర్తిగా బంద్. మొదటి పది రోజులు చప్పగా ఉంది అని మా ఆవిడతో గొడవ. తర్వాత నాలుక అలవాటు పడింది. సోడియం తక్కువ ఉప్పు అని కొట్లలో అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నోళ్లకి అది ప్రమాదం. వాళ్లకి కొబ్బరిబోండాం కూడా అంతే. పరామర్శకి పోతూ బోండాలు పట్టుకుపోతాం మనం, మా అన్నకి నేనే పట్టుకుపోయాను ఒకసారి. నర్సమ్మ తిట్టింది.

నరాల వాపైతే కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి రోజుకి రెండు మూడు సార్లు అరగంట పడుకోండి. మంచం కాళ్ల వైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టుకుంటే రాత్రంతా ఆ పని అదే జరుగుతుంది. పడుకుంటే ఆయాసం వచ్చే గుండె జబ్బు వాళ్లు మాత్రం ఇది చేయకూడదు. ట్రాక్టరు మీదున్నా, కాటా కాడ కూర్చున్నా గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. లేవలేకపోతే కూర్చున్న చోటే పాదం పైకీ కిందకీ ఇరవై సార్లు ఆడించండి, కుట్టు మిషను తొక్కినట్టు. బిగుతుగా ఉండే మేజోళ్లు మెడికల్ షాపులో దొరుకుతాయి, పొద్దున వాపు లేనప్పుడే తొడుక్కోవాలి. షుగర్ ఉన్నోళ్లు, బీడీ సిగరెట్టు తాగేవాళ్లు డాక్టరుకి కాలి నాడి చూపించకుండా వేసుకోబాకండి. రక్తం కిందకి రావడమే తక్కువున్న కాలికి బిగిస్తే పుండు పడుతుంది.

ఇంకోటి, కొలత. ఒక దారం తీసుకుని పొద్దున్నే చీలమండ పైన చుట్టి ముడి వేసి పెట్టుకోండి. వారం తర్వాత అదే చోట చుట్టి చూడండి. గుండె, కిడ్నీ రోగి ఇంట్లో ఉంటే బరువు చూసే మిషన్ ఒకటి కొనండి, టిక్కీలు తూచే కాటా కూడా పనికొస్తుందిలే. రోజూ పొద్దున కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు. రెండు మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగిందంటే అది ఒళ్లు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా అప్పుడే చూపించాలి.

నీళ్ల విషయంలో మనకో అపోహ ఉంది. ఒంట్లో నీరు పట్టింది కాబట్టి నీళ్లు తాగడం తగ్గించాలని. డాక్టరు ఇన్ని నీళ్లే తాగు అని లెక్క చెప్పిన గుండె, కిడ్నీ రోగులు ఆ లెక్క పాటించాలి. మిగతా వాళ్లు ఎండలో పని చేస్తూ నీళ్లు తగ్గిస్తే చేజేతులా కిడ్నీని ఎండబెట్టుకున్నట్టే.

శ్రీకాకుళం ఉద్దానం గురించి అందరూ వినే ఉంటారు. అక్కడ ఊళ్లకి ఊళ్లు కిడ్నీ జబ్బుతో పోయినాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పెట్టారు. మనకి దగ్గర్లో ఎ.కొండూరు తండాల్లోనూ అదే బాధ. మన పల్నాడుకి ఆ పేరు రాలేదు, రాకూడదు. కానీ మన మెట్ట ఊళ్లకి ఇంకో శాపం ఉంది, బోరు నీళ్లలో ఫ్లోరైడు. ఎముకలని పట్టే ఈ ఫ్లోరైడు జబ్బుని మన దేశంలో మొదట గుర్తించింది ఎక్కడో కాదు, 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి మన పక్క ప్రకాశం వైపు. ఆ నీళ్లతో కీళ్లు, నడుం పట్టేస్తే మనం ఏం చేస్తాం? నొప్పుల మాత్ర. సాగర్ కుడి కాలువ ఊరి పక్కన పారుతున్నా బోరు నీళ్లు తాగే ఊళ్లు ఇంకా ఉన్నాయి. మంచినీళ్లు కావాలని అడగడం, మాత్ర తగ్గించడం, రెండూ ఒకటే పోరాటం అని నా అభిప్రాయం.

ఊరి వైద్యుణ్ణి తిట్టి ఈ పోస్టు ముగిస్తానని కొందరు అనుకుంటూ ఉండొచ్చు. తిట్టను. అర్ధరాత్రి తలుపు కొడితే లేచొచ్చేది ఆయనే. ఆయన దగ్గరకి పోయి "సూది వెయ్, పొద్దున చేలోకి పోవాలి" అని అడిగేది మనం. వెయ్యనంటే పక్క ఊరాయన దగ్గరకి పోతాం. మా అన్నకి వేసినాయన ఒకసారి "ఇన్ని వద్దు, పరీక్ష చేయించు" అన్నాడంట కూడా. మనోడు వినలేదు. అయితే ఒక మాట అడగొచ్చు ఆయన్ని, తప్పు లేదు: "ఇది స్టెరాయిడా?" స్టెరాయిడైతే రెండు రోజుల్లో నొప్పి మాయం, ఆకలి, హుషారు. కొన్ని వారాలకి ముఖం గుండ్రంగా ఉబ్బి, కాళ్లకి నీరు, షుగరు పెరగడం. ఎక్కువ రోజులు వాడి ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. నొప్పికి మరి ఏం వేసుకోవాలి అంటారా? చెప్పిన మోతాదులో పారాసిటమాల్ కిడ్నీకి వీటికంటే మేలు. మందు తాగే అలవాటున్నోళ్లు దానికీ డాక్టరుని అడగాలి, లివరు దెబ్బతింటుంది. వేడి కాపడం, మోకాలి చుట్టూ కండకి వ్యాయామం, గొంతుకూర్చుని చేసే పని తగ్గించడం. నిదానంగా తగ్గుతుంది, నాకూ ఓపిక తక్కువే.

పరీక్షకి గుంటూరు పోనక్కర్లేదు. బీపీ, షుగరు, ఒంటేలులో ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్, ఈ నాలుగు చాలు మొదట. ఫ్యామిలీ డాక్టరు పథకం మొదలెట్టిందే మన జిల్లాలో, 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో. ఏ ప్రభుత్వం మొదలెట్టింది, ఏ ప్రభుత్వం పేరు మార్చింది అన్న గొడవ ఇక్కడ వద్దు, దయచేసి. డాక్టరు ఊరికొచ్చే రోజు ఏఎన్ఎం అమ్మాయిని అడిగి తెలుసుకోండి, ఆ రోజు కాలు చూపించండి. ఊళ్లో కాని పరీక్షకి ఎక్కడికి పోవాలో వాళ్లే చెప్తారు. కిడ్నీ సగానికి పైగా పాడయ్యేదాకా మనిషికి ఏమీ తెలియదు, ఒంటేలు పరీక్షలో మాత్రం చాలామందికి ముందే తెలుస్తుంది. యాభై దాటినోళ్లు, బీపీ షుగరు ఉన్నోళ్లు, నా లెక్కలో నొప్పుల మాత్రలు నెలకి పది మించి మింగేవాళ్లు, ఏడాదికోసారి తప్పనిసరి.

మా అన్న పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే కుర్రాడికి ముప్ఫై రెండేళ్లు, దాచేపల్లి వైపు. ఎకరన్నర పొలం, ఇద్దరు ఆడపిల్లలు. డయాలసిస్ ఎన్టీఆర్ వైద్య సేవలో ఉచితమే, పింఛనూ వస్తుంది. కానీ రానూపోనూ ఆటో, తోడు మనిషికి పోయిన కూలి, ఆ పిల్లల బడి ఎవరు చూస్తారు? ఆ కుర్రాడు కూడా మొదట కాళ్లు వాస్తే ఎండకి అనుకున్నాడంట.

మీ ఇంట్లో నొప్పుల మాత్రల డబ్బా ఒకసారి తీసి కింద పోయండి. ఎన్ని స్ట్రిప్పులున్నాయో, ఎవరు తెచ్చారో, ఎవరు చెప్పారో చూడండి. మా ఇంట్లో పదకొండు ఉన్నాయి.

రేపు అన్నని తీసుకుని తెల్లారి నాలుగింటికి బయల్దేరాలి. సాయంత్రం దాకా ఫోన్ ఎత్తలేను, ఏమైనా అడగాలంటే రాసి పెట్టండి, వచ్చాక చెప్తాను. నాకు తెలియనివి డాక్టరు గారిని అడిగి చెప్తాను.